తొలగించిన గురక

ఆ వీధిలో ఆయన్ని అందరూ మాజీ అంటారు. మాజీ శాసనసభ్యుడు అనేంత ఓపిక ఎవరికీ లేదు. ఒక్కసారి గెలిచాడు, అయిదేళ్ళూ నిండుగా కూర్చున్నాడు, మళ్ళీ నిలబడితే డిపాజిట్టు కూడా దక్కలేదు. అయినా మడత నలగని తెల్లచొక్కా, జేబులో రెండు కలాలు, ఎవరైనా పలకరిస్తే జవాబిచ్చే ముందు గొంతు సవరించుకోవడం, ఇవేవీ పోలేదు. పదవి వదిలినంత తేలిగ్గా దాని ధోరణి మనిషిని వదలదు మరి.

ఆయనకున్నదల్లా ఒక అక్క. అమ్మ చిన్నప్పుడే పోతే ఆవిడే పెంచి పెద్దచేసింది. బావగారు కాలం చేశాక ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని, వీధి వీధంతటికీ బట్టలు కుడుతూ, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతుకుతోంది. ఆ ఇల్లు బావగారు కట్టించింది. తల దాచుకునే చోటూ అదే, పని చేసుకునే చోటూ అదే, ఆవిడకి ఇంకొకటి లేదు.

సరిగ్గా ఆ ఇంటి మీదే కన్నేశాడు ఆవిడ మరిది. ఒక పొద్దున దస్తావేజు ఒకటి చంకలో పెట్టుకుని వచ్చి, ఈ ఇల్లు వదిన తనకి ఎప్పుడో అమ్మేసిందనీ, పాపం ఒంటరి మనిషి కదా అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాననీ, ఇక ఖాళీ చెయ్యాలనీ అన్నాడు. కాగితం తిప్పి చూస్తే సంతకం అక్కదే. కరెంటు మీటరు పేరు మార్పించాలంటూ వెనకటికి అతను తెల్లకాగితాల మీద పెట్టించుకున్న సంతకాలు ఇలా పనికొచ్చాయన్నమాట. దాని కింద సాక్షి సంతకం మాత్రం మాజీది. శాసనసభ్యుడు అని హోదా కూడా రాసి ఉంది. అంతటివాడు సాక్షిగా ఉంటే ఎవరు అనుమానిస్తారని మరిదిగారి తెలివి. ఆ సంతకం తాను పెట్టలేదని మాజీ ఒట్టేసి చెప్పాడు. చేతిరాత నిపుణుడికి చూపిస్తే, ఆయన రెండు రోజులు భూతద్దం పట్టుకుని చూసి, మాజీగారి అసలు సంతకాలే ఒకదానితో ఒకటి కలవడం లేదు, నేనేం చెప్పను అని చేతులెత్తేశాడు.

కేసు పట్టింది లాయరమ్మ. ఆవిడ నల్లకోటు కుట్టింది అక్కే కాబట్టి అభిమానంగానే పట్టింది. విషయం రెండు ముక్కల్లో చెప్పింది. దస్తావేజు ఫలానా తేదీ పొద్దున, ఈ ఊళ్ళోనే, సాక్షి కళ్ళెదుట రాసుకున్నట్టు ఉంది. శాసనసభ ఉండే రాజధానికి ఇక్కణ్ణుంచి ఒక పూట ప్రయాణం. ఆ పొద్దున మాజీగారు సభలో ఉన్నారని రుజువైతే దస్తావేజు దొంగదని తేలినట్టే. కాకపోతే ఇల్లు పోయినట్టే.

మాజీ మొహం వెలిగిపోయింది. ఆ వారమంతా సభ నడిచిందనీ, తాను సభలోనే ఉన్నాననీ, ఉండటమేమిటి, ప్రసంగం కూడా చేశాననీ చెప్పాడు. కావాలంటే సభ రికార్డు తెప్పించండి, మాట మాటా అచ్చయి ఉంటుంది అన్నాడు.

ఇక్కడ ఆ ప్రసంగం సంగతి కొంచెం చెప్పుకోవాలి. అయిదేళ్ళలో మాజీ సభలో లేచి నోరు విప్పింది ఒక్కసారే. ఇంటికొచ్చాక అక్కతో, మన వీధి మురుగుకాలువ పేరు సభలో ఎత్తానక్కా అన్నాడు. అక్క పొంగిపోయి జాకెట్ల కొలతలకి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పింది. వాళ్ళు మాజీ కనబడితే ఏమన్నారు, ఎలా అన్నారు అని అడిగేవాళ్ళు. అడిగినప్పుడల్లా ప్రసంగం కాస్త పెరిగేది. మొదట్లో కాలువ ప్రస్తావన. ఏడాది తిరిగేసరికి కాలువ మీద గళమెత్తడం. ఆ తరవాత మంత్రిని నిలదీయడం. ఇప్పటికైతే మంత్రి నీళ్ళు నమిలాడు, సభ బల్లలు చరిచింది. చెప్పగా చెప్పగా మాజీ కూడా దాన్ని నమ్మేశాడు. అంతగా ప్రసంగించినా కాలువ ఎందుకు బాగుపడలేదని మాత్రం ఎవరూ అడగలేదు. అక్క తమ్ముడు కదా, మొహమాటం.

లాయరమ్మ మొదట హాజరు పట్టీ చాలదా అని చూసింది. అందులో మాజీ సంతకాలు దండిగానే ఉన్నాయి. ఆయన అలవాటేమిటంటే వారానికి సరిపడా సంతకాలు సోమవారమే పెట్టేసుకునేవాడు. ఎవరో పెద్దమనిషి పోయారని సభ మూసేసిన రోజున కూడా ఆయనొక్కడే హాజరైనట్టు పట్టీ చెబుతోంది. దాన్ని కోర్టులో చూపిస్తే నవ్వులపాలవుతామని లాయరమ్మ మూసేసింది. పక్క సీట్లో కూర్చునే సభ్యుణ్ణి కలిస్తే, ఆ సమావేశాలు తనకి సరిగా గుర్తులేవని అన్నాడు. ఎందుకు గుర్తులేవో తరవాత తెలిసింది.

ఇక మిగిలింది ఆ వారం సభ కార్యక్రమాల సర్టిఫైడ్ నకలు. అది కోర్టు అడిగితే సభాపతి అనుమతించాలి, రికార్డుల అధికారి ప్రతి పేజీ మీదా ముద్ర వేసి, సంతకం చేసి, సీలు కవర్లో పంపాలి. లాయరమ్మ ముందే ఒకసారి అచ్చుప్రతి చదువుదామని సభ గ్రంథాలయానికి వెళితే ఆ సంపుటం బైండింగుకు వెళ్ళిందన్నారు. పోనీ మీకు ఖచ్చితంగా గుర్తుందా, ఏం మాట్లాడారు అని మాజీని అడిగింది.

"మాట్లాడింది నేనమ్మా. నేను మాట్లాడింది నేనే చదువుకోవాలా?" అన్నాడు మాజీ, కొంచెం నొచ్చుకుని.

ఆ మాటకి లాయరమ్మ ఊరుకుంది. ఊరుకోకుండా ఉండాల్సింది.

కవరు తెరిచే రోజున కోర్టు హాలు నిండింది. అక్క మిషను మీద బట్ట కప్పి, ఉన్నంతలో మంచి చీర కట్టుకుని వచ్చింది. ఆవిడ వెనకే వీధిలో సగంమంది. తమ్ముడి ప్రసంగాన్ని సాక్షాత్తూ సభ ముద్రతో చదవబోతున్నారంటే ఎవరు మాత్రం ఆగుతారు? మాజీ ముందు వరుసలో గొంతు సవరించుకుంటూ కూర్చున్నాడు, తననే చదవమంటారేమో అన్నట్టు.

రికార్డుల అధికారి మొహాన ఏ భావమూ లేని మనిషి. అలాంటివాణ్ణే ఆ పనికి ఎంచుకుంటారు కాబోలు. కవరు చింపి, ముద్రలు జడ్జిగారికి చూపించి, చదవడం మొదలుపెట్టాడు. దస్తావేజు తేదీ నాటి కార్యక్రమాల్లో ప్రశ్నలున్నాయి, జవాబులున్నాయి, మంత్రిగారి మాట మధ్యలో ఒకచోట నాలుగు చుక్కలు పెట్టి, అధ్యక్షుల ఆదేశానుసారం ఈ భాగం తొలగించబడినది అని ఉంది. మాజీ పేరు ఎక్కడా లేదు. మాజీ ఇంకా కంగారుపడలేదు. ప్రసంగం మర్నాడని అప్పుడు గుర్తొచ్చింది. ఆ నాలుగు చుక్కలు చూశాక ఇంకొకటేదో కూడా గుర్తుకు రాబోతోంది గానీ, ఆలోగా అధికారి మర్నాటి పేజీ తిప్పేశాడు.

అందులో మాజీ పేరు, నియోజకవర్గం స్పష్టంగా ఉన్నాయి. శీర్షిక, వ్యక్తిగత వివరణ. కింద ఆయన ప్రసంగం మొత్తం. అధికారి ఎక్కడా తడబడకుండా, ఎక్కడా ఒత్తకుండా చదివాడు.

"అధ్యక్షా, నిన్న పొద్దున సభలో గురక పెట్టింది నేనని పత్రికల్లో రాబోతున్నట్టు తెలిసింది. ఇది నా పరువుకు సంబంధించిన విషయం. నిన్న పొద్దున నేను సభలోనే లేను. మా అక్కగారి వీధి మురుగుకాలువ పని చూడటానికి మా ఊరు వెళ్ళాను. నేను మా ఊళ్ళో ఉన్నాను. కనుక ఆ గురక నాది కాదు. దాన్ని రికార్డు నుంచి తొలగించవలసిందిగా కోరుతున్నాను."

ఆ తరవాత సభాపతి తొలగిస్తున్నాను అనడం, అంతే.

మరిది వకీలు లేచాడు. ఆయన ఆనందం దాచుకోవడానికి పడిన అవస్థ చూసి తీరవలసింది. దస్తావేజు నాటి పొద్దున సాక్షి ఈ ఊళ్ళోనే ఉన్నాడని మేం నిరూపించాలనుకుంటున్నాం, మా పని ఎదుటివారే చేసిపెట్టారు, అదీ శాసనసభ ముద్రతో, వారికి మా కృతజ్ఞతలు అన్నాడు. మాజీ వెనక్కి తిరిగి అక్క మొహం చూసే ధైర్యం చెయ్యలేదు. మంచిపనే చేశాడు. ఆవిడ మొహం చూసేలా లేదు.

లాయరమ్మ మాత్రం గట్టిపిండం. నిలదొక్కుకుని, తొలగించిన ఆ నాలుగు చుక్కల్లో ఏముందో తెప్పించేందుకు గడువు కోరింది. ఇంకా తెప్పించేదేముంది, సభ రికార్డే చెబుతుంటే అన్నాడు మరిది వకీలు. జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ నకలు వల్ల రుజువయ్యేది ఆయన సభలో ఈ మాటలు అన్నారని. ఆ మాటలు నిజమని కాదు. అన్నవన్నీ నిజాలే అనుకుంటే శాసనసభలన్నిటి చరిత్రా తిరగరాసుకోవాలి," అన్నారు. గడువు ఇచ్చారు.

బయట వరండాలో లాయరమ్మ మాజీని స్తంభం పక్కకి లాగి అడగాల్సినవన్నీ అడిగింది. మాజీ తల వంచుకుని ఒప్పుకున్నాడు. గురక తనదే. మంత్రిగారు బడ్జెట్టు లెక్కలు చదువుతుంటే ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. మర్నాడు తోటి సభ్యులంతా గురక పెట్టి చూపిస్తూ ఆటపట్టిస్తే తట్టుకోలేక, లేచి నోటికొచ్చింది చెప్పాడు. ఇప్పుడు దారేమిటి అంటే, దారి ఒకటే ఉందని లాయరమ్మ చెప్పింది. తొలగించిన మాటలు మామూలుగా బయటికి ఇవ్వరు. ఇవ్వాలంటే సభ అనుమతి కావాలి. అనుమతి కావాలంటే ఆయన సభకి అర్జీ పెట్టుకోవాలి. అందులో ఆ గురక నాదే, నాది కాదని నేను చెప్పింది అబద్ధం అని రాసి సంతకం చెయ్యాలి.

మాజీ రెండు రోజులు గది తలుపు తియ్యలేదు. ఊరంతా ముందే నవ్వుతోంది, ఇక రాజధాని కూడా నవ్వుతుంది. ఎప్పటికైనా మళ్ళీ నిలబడదామన్న ఆశ ఎక్కడో మిణుకుమిణుకుమంటోంది, అదీ ఆరిపోతుంది. ఇంకేదైనా ఉపాయం ఉంటుందేమోనని బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. మూడోనాడు సాయంత్రం అక్క ఇంటి మీదుగా వెళితే, ఆవిడ కుట్టాల్సిన బట్టలన్నీ మూటలు కట్టి, ఎవరివి వాళ్ళకి వెనక్కి ఇచ్చేస్తోంది. ఇల్లు ఉంటుందో ఊడుతుందో తెలియనప్పుడు ఒప్పుకున్న పని మధ్యలో ఆగితే మాట పోతుందట. తమ్ముణ్ణి చూసి లోపలికి రమ్మనలేదు. మాజీ అటునుంచి అటే లాయరమ్మ ఇంటికి వెళ్ళి, కాగితం ఇవ్వమ్మా రాస్తాను అన్నాడు.

అర్జీ సభ ముందుకొచ్చిన రోజున మాజీ సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాడు. గ్యాలరీలో మాట్లాడకూడదు, చప్పట్లు కొట్టకూడదు, నిద్రపోకూడదు. బంట్రోతు ఆయన్ని గుర్తుపట్టి పక్కనే వచ్చి నిలబడ్డాడు.

ఒకప్పుడు మాజీ పరువు కోసం రెండు ముక్కల్లో తొలగించిన విషయాన్ని సభ ఒక పూటంతా చర్చించింది. ఒకాయన లేచి, గౌరవ మాజీ సభ్యుడి గురక వల్ల ఆనాడు సభ హుందాతనం పెరిగిందే తప్ప తగ్గలేదని అన్నాడు. ఇంకొకాయన దీని మీద ఉపసంఘం వెయ్యాలన్నాడు. ఒక పెద్దాయన మాత్రం నిజంగానే గాభరాపడ్డాడు. ఇవాళ ఆయన నిద్ర కోర్టుకెక్కితే రేపు మన నిద్రలూ ఎక్కుతాయి, ఇది ఎక్కడికి దారి తీస్తుందో ఆలోచించాలి అన్నాడు. ఆ మాటకి చాలామంది ఆలోచనలో పడ్డారు. అప్పుడు అధికారపక్షంలో ఒకావిడ లేచి, ఒక ఆడమనిషి ఇల్లు పోతోంది, మన నిద్ర సంగతి తరవాత చూసుకుందాం అంది. దాంతో అందరికీ సిగ్గేసి, అర్జీకి సరేనంటూ చేతులెత్తారు. ప్రతి మాటా రాసుకున్నారు, ప్రతి మాటా అచ్చేశారు. గురక అన్న పదం ఆ రోజు రికార్డులో వచ్చినన్నిసార్లు వ్యవసాయం అన్న పదం ఆ ఏడాది మొత్తంలో రాలేదని తరవాత ఒక పత్రిక రాసింది. మాజీ మొదటినుంచి చివరిదాకా కళ్ళు తెరుచుకునే విన్నాడు. సభలో ఆయన పూర్తిగా విన్న మొదటి చర్చ అదే.

మళ్ళీ కోర్టు. మళ్ళీ అదే అధికారి, అదే మొహం, కొత్త సీలు కవరు. వీధి వీధంతా వచ్చింది. ఈసారి ఇళ్ళలో ఎవరూ మిగల్లేదు. అధికారి ఆ నాలుగు చుక్కల స్థానంలో ఉన్నది చదివాడు. సభాపతి మాజీని ఊరి పేరుతో సహా పిలిచి, మంత్రిగారి మాట వినబడటం లేదు, ఆ సభ్యుణ్ణి ఎవరైనా లేపండి అన్నారు. లేపకండి అధ్యక్షా, ఈ సభలో ఆయన గొంతు వినడం మాకు ఇదే మొదలు అన్నాడు ఒక సభ్యుడు. నవ్వులు. పక్కనున్న సభ్యుడు లేపాలి అన్నారు సభాపతి. పక్కనున్నాయనా నిద్రలోనే ఉన్నారు అధ్యక్షా అన్నాడు ఇంకో సభ్యుడు. పెద్దపెట్టున నవ్వులు. ఈ నవ్వులు అన్న మాటల్ని కూడా అధికారి చదివాడు, ఉన్నవి వదలకూడదు కాబట్టి. ఈలోగా హాల్లోనూ అవే మొదలయ్యాయి. బెంచీ గుమస్తా కాగితాల వెనక మొహం దాచుకున్నాడు.

మాజీని బోనెక్కించారు. మరిది వకీలు ఊరికే వదల్లేదు. సభలో అబద్ధం చెప్పినవాడు కోర్టులో చెప్పడని నమ్మకమేమిటి అని అడిగాడు. మాజీ అలవాటు కొద్దీ గొంతు సవరించుకోబోయి, మానేశాడు.

"సభలో చెప్పింది నా పరువు నిలబెట్టుకోడానికి బాబూ. ఇప్పుడు చెబుతున్నదాంతో అది ఎలాగూ పోయింది. పరువు పోగొట్టుకోడానికి ఎవరైనా అబద్ధం చెబుతారా?" అన్నాడు.

వకీలు కూర్చున్నాడు. జడ్జిగారు ఏదో రాసుకున్నారు. సభాపతి కళ్ళారా చూసి, పేరు పెట్టి పిలిచి అప్పటికప్పుడు అన్న మాటకీ, మర్నాడు సిగ్గుపడి అన్న మాటకీ మధ్య ఏది నమ్మాలో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదని తీర్పులో అన్నారు. దస్తావేజు చెల్లదు. ఇల్లు అక్కదే. మరిది మీద వేరే కేసు పెట్టమని కూడా రాశారు. అది విని మరిది, వదినకి మొహం చూపించకుండా పక్కగుమ్మం నుంచి జారుకున్నాడు.

సాయంత్రం మాజీ భయంభయంగా అక్క ఇంటికి వెళ్ళాడు. మూటలన్నీ మళ్ళీ వచ్చేశాయి. ఆవిడ మిషను మీద ఎవరిదో చొక్కా చేతులు అతుకుతోంది. ఆయన గుమ్మంలోనే నిలబడితే, కూర్చో అంది. కూర్చున్నాడు. ఆవిడ ఒక చెయ్యి అతికి రెండోది అందుకుంది. ఇక తిట్టదేమోనని ఆయనకి ఆశ కలుగుతుండగా ఆవిడ చక్రం మీద చెయ్యి వేసి ఆపింది.

"ఇల్లు నిలబెట్టావు. అందరి ముందూ తల దించుకుని మరీ నిలబెట్టావు. బతికున్నన్నాళ్ళూ మర్చిపోను. నువ్వు నిద్రపోయావని కూడా నాకేం కోపం లేదురా, నిద్ర ఎవరికి రాదు? కానీ అయిదేళ్ళలో ఒక్కసారి లేచి నిలబడ్డావు. గురక నాది కాదని చెప్పడానికి లేచావు. మా కాలువ గురించి లేవడానికి కాళ్ళు రాలేదా?"

మాజీకి బోనులో కంటే ఇక్కడ నిజం చెప్పడం కష్టంగా ఉంది.

"భయమేసేదక్కా," అన్నాడు. "రోజూ అనుకునేవాణ్ణి, ఇవాళ లేద్దామని. లేచాక మాట తప్పితే నవ్వుతారేమోనని భయం. అంతా చదువుకున్నవాళ్ళూ, మాటకారులూ. అందుకే కళ్ళు మూసుకుని కూర్చునేవాణ్ణి. అలా మూసుకునీ మూసుకునీ..."

"మరి ఇప్పుడు నవ్వారుగా. సభంతా నవ్వింది, కోర్టంతా నవ్వింది. ఏమైంది?"

మాజీ ఆలోచించాడు. నిజంగానే ఏమీ కాలేదు. దార్లో కిళ్ళీకొట్టువాడు నవ్వాడు, తనూ నవ్వాడు, ఇంటికొచ్చాడు. ఇన్నేళ్ళూ దేనికి భయపడ్డాడో అది వచ్చి, దాటి వెళ్ళిపోయింది.

"రేపు మునిసిపల్ ఆఫీసుకి వెళదాం," అంది అక్క. "నేనూ వస్తాను. మాట్లాడేది మాత్రం నువ్వే."

"ఏం మాట్లాడాలక్కా? ఆ కాలువ సంగతి నాకు నిజంగా ఏమీ తెలియదు. నువ్వే చెప్పు."

ఆవిడ తమ్ముడి వంక ఒకసారి తేరిపార చూసింది. చొక్కా మడిచి పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, కాలువ ఎక్కడ మొదలవుతుందో అక్కణ్ణుంచి చెప్పడం మొదలుపెట్టింది.